బాటసారి ఒంటికి పూచీ ఎవరిది?

ఇక్ష్వాకుల రాజధాని విజయపురి ఇప్పుడు నాగార్జునసాగర్ నీళ్ల అడుగున ఉంది. క్రీస్తుశకం మూడు, నాలుగు శతాబ్దాల్లో ఆ ఊరికి దూరదేశాల భిక్షువులు వచ్చి పోతుండేవారు. బోధిసిరి అనే ఉపాసిక వేయించిన శాసనం తామ్రపర్ణి, అంటే సింహళం నుంచి వచ్చిన ఆచార్యులను తలుచుకుంటుంది. వాళ్లు ధర్మం చాటిన దేశాలంటూ కాశ్మీరం, గాంధారం, చీనా, వంగం, వనవాసి వంటి పేర్లు వరుసగా చెబుతుంది. అదే లోయలో దొరికిన మరో శాసనంలో ‘విగతజ్వరాలయం’ ప్రస్తావన ఉంది. జ్వరపడినవారిని ఉంచి నయం చేసే చోటు అని పండితులు దానికి అర్థం చెప్పారు. కృష్ణకు ఈవల, పాత నల్గొండ జిల్లాలోని ఫణిగిరి కొండ మీద ఇక్ష్వాకు రాజు రుద్రపురుషదత్తుడి 18వ పాలనా సంవత్సరంలో ధర్మచక్ర స్తంభం నిలబెట్టించినవాడు రాజుగారి ప్రధాన వైద్యుడు. వైద్యుడు స్తంభం ఎత్తించినంత మాత్రాన కొండ మీద ఆసుపత్రి నడిచిందని అనలేం. కానీ పరదేశి భిక్షువు వచ్చే చోట జ్వరానికి ఒక గది, ఆరామాన్ని పోషించేవాళ్లలో ఒక వైద్యుడు ఉన్నారన్నది మాత్రం రాతి మీద రాసి ఉంది. పరాయి నేల మీద అడుగుపెట్టినవాడి ఒంటి బాగోగులు అతడి ఒక్కడి తలనొప్పి కాదని ఆనాటి వాళ్లకు తెలుసు.

ఇవాళ విదేశానికి సెలవులు గడపడానికి వెళ్లేవాళ్లకు చెప్పే జాగ్రత్తలన్నీ ప్రయాణికుడినే ఉద్దేశించి ఉంటాయి. టీకా వేయించుకో, సీసా నీళ్లే తాగు, బీమా తీసుకో, కొత్తవాళ్లను నమ్మకు, మందుల చీటీ దగ్గర ఉంచుకో అంటారు. ఇవన్నీ మంచి మాటలే. అయితే వాటి వెనుక ఒక నమ్మకం చడీచప్పుడు లేకుండా కూర్చుని ఉంది: దారిలో ఆరోగ్యం అనేది ప్రయాణికుడి తెలివితేటల మీద ఆధారపడిన సంగతి అని, జబ్బుపడినవాడు ఎక్కడో అజాగ్రత్తగా ఉండి ఉంటాడని. నల్గొండ, మహబూబ్‌నగర్ మెరక నేలల చరిత్ర ఈ నమ్మకాన్ని ఒప్పుకోదు. ఈ రెండు జిల్లాలు ఎప్పుడూ దారి మీద ఉన్న జిల్లాలే. గోల్కొండ నుంచి మచిలీపట్నం రేవుకు పోయే బాట నల్గొండ మీదుగా సాగేది. దక్షిణాది నుంచి హైదరాబాదుకు, అక్కడి నుంచి కాశీకి పోయేవాళ్లు పాలమూరు (మహబూబ్‌నగర్ పాత పేరు) మీదుగా నడిచారు. ఆ బాటల మీద బతికి బట్టకట్టినవాళ్ల కథ, మధ్యలో కూలిపోయినవాళ్ల కథ పక్కపక్కన పెట్టి చూస్తే తేడా వాళ్ల జాగ్రత్తలో కనిపించదు. వాళ్ల కోసం దారిలో ఎవరు ఏం ఏర్పాటు చేశారన్న దగ్గర కనిపిస్తుంది.

మెరక నేల అంటే నదులు పక్కనే ఉన్నా నీళ్లు అందని నేల. కృష్ణ లోతైన లోయలో పారుతుంది, మూసీ వేసవికి ఇసుక తేలుతుంది, ఎండాకాలంలో వాగులు ఎండిపోతాయి. బాటసారికి ఇక్కడ మొదటి ప్రమాదం దొంగ కాదు, దాహం. అందుకే ఈ ప్రాంతంలో దారి చరిత్ర చెరువుల చరిత్రతో ముడిపడి ఉంటుంది. కందూరు చోళులు ఏలిన పానగల్లు ఇందుకు తగిన ఉదాహరణ. నల్గొండను ఆనుకుని ఉన్న ఆ ఊళ్లో ఉదయసముద్రం చెరువు, ఛాయా సోమేశ్వరాలయం దగ్గరదగ్గరగా ఉన్నాయి. కొన్ని వందల ఏళ్ల తర్వాత గోల్కొండ కాలంలో ఈ దారిన నడిచిన ఫ్రెంచి యాత్రికులు టావెర్నియె, తెవెనో మజిలీల పేర్లు రాసుకుంటూ పోయినప్పుడు వాళ్ల లెక్కలోనూ పానగల్లు కనిపిస్తుంది. రాజ్యాలు మారాయి, మతాలు మారాయి, సరుకు మారింది, మజిలీ మాత్రం చెరువు గట్టును వదిలిపెట్టలేదు. అదే బాట గోల్కొండ రాజధానిని చేరబోయే ముందు హయత్‌నగర్ వస్తుంది. కుతుబ్‌షాహీల ఇంటి ఆడపడుచు హయాత్ బక్షీ బేగం పేరు మీద వెలిసిన ఆ ఊళ్లో మసీదు, దాని చుట్టూ బాటసారుల గదులతో సరాయి, దగ్గరలోనే పెద్ద బావి ఉన్నాయి. కాకతీయుల కాలానికి వెళితే 1261 నాటి మల్కాపురం శాసనం ఇంకా స్పష్టంగా మాట్లాడుతుంది. రుద్రమదేవి కాలంలో విశ్వేశ్వర శివాచార్యుడి మఠానికి వచ్చిన ఆదాయంలో ప్రసూతిశాలకు, ఆరోగ్యశాలకు, అన్నసత్రానికి పాళ్లు పంచారు. ఆ శాసనం గుంటూరు సీమది, మెరక నేలది కాదు. అయినా ఏ రాజ్యంలో నల్గొండ ఉండేదో ఆ రాజ్యపు ఆలోచన అందులో ఉంది: తిండి, పురుడు, వైద్యం మూడూ ఒకే ధర్మకర్తృత్వం కిందికి వస్తాయి.

ఇక ఒక్క మనిషి ప్రయాణాన్ని దగ్గరగా చూద్దాం. చెన్నపట్నం సుప్రీంకోర్టులో దుబాసీగా పనిచేసిన ఏనుగుల వీరాస్వామి 1830 మే 18న కాశీకి బయలుదేరి, 1831 సెప్టెంబరు 3న ఇల్లు చేరాడు. దారి పొడవునా స్నేహితుడు కోమలేశ్వరపురం శ్రీనివాసపిళ్లెకు రాసి పంపిన సంగతులే 1838లో కాశీయాత్ర చరిత్రగా అచ్చయ్యాయి. దిగవల్లి వేంకటశివరావు 1941లో దాన్ని మళ్లీ వెలుగులోకి తెచ్చారు. కడప, అహోబిలం, శ్రీశైలం చూసుకుని ఆయన సిద్ధేశ్వరం దగ్గర కృష్ణ దాటి ఇప్పటి పాలమూరు ప్రాంతంలో అడుగుపెట్టాడు. పెంట్లవెల్లి, పానగల్లు (ఇది వనపర్తి వైపు పానగల్లు, నల్గొండ పక్కన ఉన్నది కాదు), జడచర్ల, ఫరూఖ్‌నగరం మీదుగా హైదరాబాదు చేరాడు. చెన్నపట్నం మనిషికి అది పరాయి దేశమే. పాలన వేరు, నాణెం వేరు, కచేరీ భాష వేరు. జనం ఆయుధాలు కట్టుకుని తిరగడం ఆయనకు కొట్టొచ్చినట్టు కనిపించింది. వనపర్తి, కొల్లాపురం సంస్థానాల తగాదాల్లో రైతుల ఊళ్లు కొల్లపోతున్న సంగతీ రాశాడు. పుస్తకాన్ని భక్తుడి యాత్రా వర్ణనగా చదివేవాళ్లు ఎక్కువ. నా ఉద్దేశంలో అది ముందు ఒక మజిలీల పద్దు. ఫలానా ఊళ్లో బావి ఉందా, నీళ్లు ఎలాంటివి, అంగళ్లున్నాయా, కావలసిన సరుకు దొరుకుతుందా, దిగడానికి చావడో సత్రమో ఉందా, దారి రాళ్లదా ఇసుకదా అన్న వివరాలు విసుగు లేకుండా వస్తూనే ఉంటాయి. దేవుడి గురించి ఎంత శ్రద్ధగా రాశాడో మంచినీళ్ల గురించీ అంతే శ్రద్ధగా రాశాడు.

ఆ శ్రద్ధకు కారణం ఉంది. 1817లో వంగదేశంలో పుట్టిన వాంతిభేది గాలివాన ఒకటి రెండేళ్లలో దక్కనును, చెన్నపట్నాన్ని చుట్టేసింది. వీరాస్వామి బయలుదేరే నాటికి రెండో విడత ప్రపంచం మీద పాకుతోంది. కలరా నీళ్ల ద్వారా వస్తుందని జాన్ స్నో లండన్‌లో చూపించింది 1854లో, రాబర్ట్ కాక్ దాని క్రిమిని పట్టింది 1883, 84ల్లో. అంటే 1830లో ఎవరికీ అసలు కారణం తెలియదు. తెలిసిందల్లా కొత్త నీళ్లు పడవన్న తరతరాల అనుభవం. పొద్దెక్కకముందే నడక ముగించడం, శొంఠి, మిరియం వెంట ఉంచుకోవడం, సొరకాయ బుర్రలో నీళ్లు పోసుకోవడం, బట్టలో వడగట్టి తాగడం, ఎండ దెబ్బకు ఉల్లిగడ్డ, మజ్జిగ, సద్దిమూట తప్ప దారిలో వండినది ముట్టకపోవడం లాంటివి ఈ అనుభవం నేర్పిన పద్ధతులు. వీటిలో కొన్ని నిజంగా పనిచేశాయి. బట్టలో వడగడితే ఏం ఆగుతుందో తర్వాత చూద్దాం. కానీ కలరాను శొంఠి ఆపదు. ఊరి బావి మంచిదైతే బతికారు, కాకపోతే లేదు.

ఇక్కడ ఒక అభ్యంతరం రావచ్చు. వీరాస్వామి క్షేమంగా తిరిగొచ్చింది తన ముందుచూపు వల్లే కదా? విచారించి, లెక్క చూసుకుని, తొందరపడకుండా నడిచాడు కాబట్టే కదా? ముందుచూపు ఉందన్న మాట నిజమే. అయితే ఆ ముందుచూపు దేనితో అమలైందో చూడాలి. ఆయన వెంట కుటుంబం, బోయీలు, వంటవాళ్లు, నౌకర్లు కలిపి దాదాపు నూరు మంది ఉన్నారు. డేరాలున్నాయి, సవారీ ఉంది, కంపెనీ కోర్టు ఉద్యోగి అన్న పలుకుబడి ఉంది. అలసిన కాళ్లు బోయీలవి. వర్షం వస్తే డేరా ఆయనది. ఆ నూరు మందిలో ఎవరికి జ్వరం వచ్చినా ఆగి చూసుకునే వెసులుబాటు ఒక్క ఆయన చేతిలోనే ఉంది. ఆ బోయీల్లో ప్రతివాడూ ఆయన వెళ్లినంత దూరమూ నడిచాడు, ఆ బావి నీళ్లే తాగాడు, తన జాగ్రత్త గురించి ఎక్కడా రాసుకోలేదు. శ్రీశైలం దారిలో చెంచులు యాత్రికులకు దారి చూపి, అడవిలో కావలి కాసి, అందుకు రుసుం తీసుకోవడం చాలాకాలంగా ఉన్న ఆచారం. ఉమామహేశ్వరం వైపు నుంచి నల్లమల ఎక్కేవాళ్లకు జ్వరం, పులి, దారి తప్పడం అనే మూడు భయాల్లో రెండింటికి చెంచువాళ్లే మందు. ఆ రుసుం ముందుచూపుకు కట్టిన ధర అని యాత్రికుడు అనుకోవచ్చు. నిజానికి అది అడవి మనుషుల జ్ఞానానికి కట్టిన ధర.

దొంగల సంగతీ అంతే. వీరాస్వామి నడిచిన రోజుల్లోనే కంపెనీ ప్రభుత్వం ఠగ్గుల వేట మొదలుపెట్టింది. నిజాం కొలువులో పనిచేసిన మెడోస్ టేలర్ 1839లో ఒక ఠగ్గు ఒప్పుకోలు రూపంలో నవల రాస్తే ఇంగ్లండులో ఎగబడి చదివారు. ఠగ్గుల కథల్లో ఎంత నిజం, ఎంత తెల్లదొరల ఊహ అన్న దాని మీద చరిత్రకారులు ఇప్పటికీ వాదులాడుతున్నారు. ఆ వాదనలో దిగకుండానే ఒక విషయం చెప్పవచ్చు. స్నేహం చేసి, కలిసి నడిచి, కలిసి తిని ప్రాణం తీసే మోసగాళ్లు, ఉమ్మెత్త గింజలు కలిపి మత్తులో ముంచి దోచేవాళ్లు దారుల మీద ఉండేవారని కోర్టు రికార్డులే చెబుతాయి. ఒంటరిగా, చిన్న గుంపుగా పోయేవాడే వాళ్లకు దొరికేవాడు. అలాంటివాడికి కొత్తవాణ్ణి నమ్మవద్దని చెప్పడం సులువు. రాత్రి నడవాలా, ఎవరితోనైనా కలిసి నడవాలా అన్న రెండు దారులే ఉన్న మనిషి ఆ సలహాతో ఏం చేసుకుంటాడు? దారుల మీద భయం తగ్గింది జనానికి తెలివి పెరగడం వల్ల కాదు. మొదటి సాలార్‌జంగ్ 1853 నుంచి దివానుగా ఉన్న మూడు దశాబ్దాల్లో జిల్లాలు, తాలూకాలు ఏర్పడి, ఊరూరా పోలీసు పటేలుకు, అతడి కింద శేతుసింధీకి ఊరి కాపలా బాధ్యత పడ్డాకే ఆ మార్పు మొదలైంది. పాలమూరుకు ఆరో నిజాం పేరు పెట్టి మహబూబ్‌నగర్ అన్నది ఆ తర్వాత, 1890లో.

దీనికంటే గట్టి అభ్యంతరం ఇంకొకటి ఉంది. దారి బాటసారిని కాపాడేదంటున్నారు, ఏ బాటసారిని? సత్రంలో భోజనం ఎక్కువ చోట్ల బ్రాహ్మణులకే. ఊరి మంచినీళ్ల బావి మాల, మాదిగలకు లేదు. బాటసారి అయినా సరే, ఎవరైనా పోస్తే దోసిలి పట్టాలి. దొరలు, అధికారులు పర్యటనకు వస్తే వాళ్ల సామాను మోయడం, గుడారాలకు నీళ్లు చేదడం, కోళ్లు, గుడ్లు, కట్టెలు సమకూర్చడం ఊరివాళ్ల వెట్టి. 1920ల్లో అధికారుల వెట్టిని ఆపాలని నిజాం ఫర్మానా ఇచ్చినా, ఆంధ్రజన సంఘం దాన్ని ఊరూరా చాటినా, నల్గొండ పల్లెల్లో వెట్టి ఆగలేదు. అది 1946లో తెలంగాణ సాయుధ పోరాటం అంటుకోవడానికి ఉన్న కారణాల్లో ఒకటి. అంటే నిజాం తహసీల్దారు దౌరాలో ఏ జబ్బూ లేకుండా తిరిగాడంటే ఆ ఆరోగ్యానికి ధర కట్టినవాడు ఇంకొకడు. ఈ అభ్యంతరాన్ని నేను పూర్తిగా ఒప్పుకుంటాను. ఒప్పుకోవడం వల్ల వాదన బలహీనపడదు, ఇంకా గట్టిపడుతుంది. ఏర్పాటు అందినవాడు బతికాడు, అందనివాడు చచ్చాడు అన్నప్పుడు, తేడాను తెచ్చింది ఏర్పాటే కదా. పాత చలివేంద్రాలను చూసి పూర్వులు ఎంత దయగలవాళ్లో అని మురిసిపోయే వ్యాసాలు మనకు చాలా ఉన్నాయి. ఆ కుండ దగ్గరికి ఎవరు రాలేకపోయారో కూడా రాస్తే బాగుండేది.

మూడో అభ్యంతరం వైద్యులది. ఈ ఏర్పాట్లే రోగాలు పంచాయి కదా అని. దీనికి దక్కను మెట్లబావి కంటే మంచి సాక్ష్యం లేదు. నారికురుపు అనే జబ్బును ఇప్పటి పిల్లలు ఎరగరు. నీళ్లలో కంటికి ఆనని చిన్న పురుగు కడుపులోకి పోతుంది, దానిలోని లార్వా ఏడాదిపాటు ఒంట్లో పెరిగి దారంలా మూడడుగుల దాకా సాగి, ఎక్కువగా కాలి దగ్గర బొబ్బ చేసుకుని బయటికి వస్తుంది. ఆ మంట ఓర్చుకోలేక రోగి కాలు నీళ్లలో పెడితే మళ్లీ లార్వాలు నీళ్లలో పడతాయి. మెట్లు దిగి, పాదాలు తడిపి, కుండ ముంచుకునే దిగుడుబావి ఈ జబ్బుకు కట్టించిన ఇల్లు. పుణ్యం కోసం తవ్వించిన బావి ఎందరినో మంచం పట్టించింది. పైగా ఒక ఊరి బావిలో తాగిన బాటసారి ఏడాది తర్వాత ఇంకో ఊరి బావిలో కాలు పెడతాడు. అతడు ప్రమాదంలో ఉన్నవాడే కాదు, ప్రమాదాన్ని మోసుకొచ్చేవాడు కూడా. బట్టలో వడగట్టి తాగే పాత అలవాటు ఇక్కడ నిజంగా పనికొచ్చింది, ఎందుకంటే ఆ పురుగు నేత బట్టకు ఆగుతుంది. అయితే వందల ఏళ్లుగా ఆ అలవాటు ఉన్నా జబ్బు పోలేదు. 1984లో దేశంలో దాదాపు 40 వేల కేసులు లెక్కకు వచ్చాయి, ఆంధ్రప్రదేశ్ కూడా ఆ జబ్బు ఉన్న రాష్ట్రాల్లో ఒకటి. ప్రభుత్వ కార్యక్రమం మొదలై మెట్లబావులు మూయడం, గిలక బావులుగా మార్చడం, చేతిపంపులు వేయడం, బావుల్లో మందు చల్లడం, వడపోత బట్టలు పంచడం, ఇల్లిల్లూ తిరిగి రోగిని వెతకడం జరిగాక, చివరి కేసు 1996 జూలైలో రాజస్థాన్‌లో తేలింది. 2000లో భారతదేశం నారికురుపు లేని దేశమని ప్రపంచ ఆరోగ్య సంస్థ ధ్రువీకరించింది. కాబట్టి చెడ్డ ఏర్పాటుకు విరుగుడు ఏర్పాటు లేకపోవడం కాదు, మెరుగైన ఏర్పాటు.

అయితే నల్గొండ నీళ్లకు ఇంకో చేదు కథ కూడా ఉంది. గ్రానైటు రాళ్ల నుంచి తాగునీళ్లలోకి చేరిన ఫ్లోరైడు మర్రిగూడ, మునుగోడు వైపు పల్లెల్లో ఎముకలను వంచింది. లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే ఆ పదార్థం రెండు రోజులు ఉండి పోయే బాటసారిని ఏమీ చేయదు, అక్కడే పుట్టి పెరిగేవాళ్లను పట్టుకుంటుంది. నాగపూర్‌లోని నీరి సంస్థ పటిక, సున్నంతో ఫ్లోరైడును వదిలించే పద్ధతి కనిపెట్టి ‘నల్గొండ టెక్నిక్’ అని పేరు పెట్టింది. ఆ పేరు టాంజానియా, కెన్యా దాకా వెళ్లింది. ఆ పల్లెలకు తెరిపి వచ్చింది మాత్రం ఆ పద్ధతితో కాదు, కృష్ణ నీళ్లు గొట్టాల్లో వచ్చాకే.

పరాయి దేశం అన్న మాటకు అసలైన అర్థంలో ఈ జిల్లాల నుంచి ఎక్కువమంది చేసిన తొలి ప్రయాణం హజ్. మక్కా యాత్ర ఆరోగ్యం దృష్ట్యా ప్రపంచ చరిత్రను మార్చిన యాత్ర. 1865లో హజ్‌లో చెలరేగిన కలరా ఈజిప్టు మీదుగా ఐరోపా చేరగానే, మరుసటి ఏడే కాన్‌స్టాంటినోపుల్‌లో దేశాలన్నీ కూర్చుని మాట్లాడుకున్నాయి. భారతీయ యాత్రికుల ఓడలు ఎర్రసముద్రంలో కమరాన్ దీవి దగ్గర ఆగి, అందరూ దిగి క్వారంటీన్‌లో రోజులు గడపడం 1880ల ఆరంభం నుంచి తప్పనిసరి అయింది. అక్కడి వసూళ్ల గురించి, దురుసుతనం గురించి యాత్రికులు దశాబ్దాల పాటు మొరపెట్టుకున్నారు. ఆ క్వారంటీన్ యాత్రికుడి కోసం కాదు, అతడి నుంచి ఐరోపాను కాపాడుకోవడం కోసం. దీనికి ఎదురుగా హైదరాబాదు రాజ్యం చేసిన పని చూడండి. నిజాం, ఆయన కొలువులోని సంపన్నులు మక్కా, మదీనాల్లో తమ రాజ్యపు యాత్రికుల కోసం రుబాత్‌లు, అంటే ఉచిత వసతి గృహాలు ఏర్పాటు చేశారు. రాజ్యం 1948లో పోయింది, జిల్లాలు మూడు రాష్ట్రాల్లోకి చీలిపోయాయి. అయినా మక్కాలో నిజాం రుబాత్‌లో బస చేసే హక్కు ఇప్పటికీ పాత హైదరాబాదు రాజ్యపు జిల్లాలవాళ్లకే. నల్గొండ రైతో మహబూబ్‌నగర్ దర్జీయో లాటరీలో పేరు వస్తే ఇవాళ్టికీ అక్కడ దిగవచ్చు. పరాయి ఊళ్లో నీడ, నీళ్లు, మన మాట తెలిసిన మనిషి ఉంటే జబ్బులో సగం తగ్గినట్టేనని ఆ దాతలకు తెలుసు.

ఇప్పటి విహారయాత్రికుడు నాకు ఏ రుబాతూ లేదు, నా జాగ్రత్తే నాకు దిక్కు అని అనవచ్చు. అతడి చేతిలోని కాగితాలు ఒక్కొక్కటీ చూస్తే ఆ మాట నిలవదు. ఆఫ్రికా అడవులు చూడబోయేవాడు పచ్చజ్వరం టీకా వేయించుకునేది హైదరాబాదు నారాయణగూడలోని ప్రభుత్వ సంస్థలో. వేసుకున్న పది రోజులకు చెల్లుబాటయ్యే ఆ ధ్రువపత్రం 2016 నుంచి జీవితాంతం పనికొస్తుందని చెప్పింది దేశాలన్నీ కలిసి రాసుకున్న నియమం. దోమ మలేరియాను మోస్తుందని రొనాల్డ్ రాస్ 1897 ఆగస్టు 20న సికింద్రాబాదులో, మహబూబ్‌నగర్‌కు ఒక పూట ప్రయాణం దూరంలో, కనిపెట్టకపోతే దోమతెర జాగ్రత్త అనిపించుకునేదే కాదు. బీమా అంటే ఎందరో ప్రయాణికులు వేసుకున్న చందా. తాను జాగ్రత్తపరుణ్ణి అనుకునేవాడు నిజానికి డబ్బు పెట్టి కొనుక్కున్నది ఇతరులు చేసిన ఏర్పాటునే, వీరాస్వామి బోయీల భుజాలను కొనుక్కున్నట్టు. అందులో తప్పేమీ లేదు. కొనుక్కోలేనివాడికి జాగ్రత్త చాలలేదని తీర్పు చెప్పినప్పుడే తప్పు.

ఆ కొనుక్కోలేనివాడు ఈ నేలలో ఎవరో అందరికీ తెలుసు. పాలమూరు లేబరు అన్న పేరు దేశంలో ఆనకట్టలు కట్టిన చోటల్లా వినిపించింది. 1955 డిసెంబరు 10న నెహ్రూ పునాది రాయి వేసిన నాగార్జునసాగర్ దగ్గర, ఆ తర్వాత ఇతర రాష్ట్రాల కాలువల మీద, బొంబాయి, పూణె కట్టడాల మీద గుంపు మేస్త్రీ చేతిలో అడ్వాన్సు తీసుకున్న కుటుంబాలు పిల్లాపాపలతో సహా వెళ్లి గోనెపట్టాల గుడిసెల్లో ఉన్నాయి. కొత్త నీళ్లు, కొత్త దోమ, కొత్త భాష అన్నీ విహారయాత్రికుడికి ఎదురయ్యేవే, సత్రం మాత్రం లేదు. వీళ్ల కోసం 1979లో అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం వచ్చింది. రానుపోను ఖర్చు, స్థానభ్రంశ భత్యం, వసతి, ఉచిత వైద్యం కాంట్రాక్టరే ఇవ్వాలని అందులో రాశారు. కాగితం మీద అది మల్కాపురం శాసనానికి ఏమీ తీసిపోదు. ఎడారి దేశాలకు పోయేవాళ్ల విషయంలో కొంత మెరుగు. ఎమిగ్రేషన్ అనుమతి కావలసిన దేశాలకు వెళ్లే కార్మికుడు 2003 నుంచి ప్రవాసీ భారతీయ బీమా యోజన తీసుకోవాల్సిందే. ఇప్పుడు రెండేళ్లకు 275 రూపాయలు కడితే ప్రమాదంలో కలిగిన చావుకో శాశ్వత వైకల్యానికో పది లక్షల దాకా వస్తుంది. సముద్రం దాటినవాడికి ఉన్న ఆ పాటి రక్షణ, మహారాష్ట్ర సరిహద్దు దాటిన పాలమూరు కూలీకి ఆచరణలో దొరకలేదు. మేస్త్రీ లైసెన్సు లేకుండా తీసుకుపోతాడు, లైసెన్సు లేకపోతే పద్దులో పేరుండదు, పేరు లేనివాడు జబ్బుపడితే చట్టం అతణ్ణి చూడదు. 2020 వసంతంలో లాక్‌డౌన్ పడినప్పుడు 44వ నంబరు జాతీయ రహదారి మీద నడిచిన మనుషులు ఎంతమందో, ఎక్కడివారో ఏ కచేరీ దగ్గరా సరైన లెక్క లేకపోవడానికి కారణం అదే. దారి పక్క ఊళ్లవాళ్లు పులిహోర పొట్లాలు, మజ్జిగ, చెప్పులు పెట్టారు. వాళ్లు పెట్టింది మంచిదే. కానీ చట్టం చేయాల్సిన పనికి అది బదులు కాదు.

ఆ ఏడాదే సెప్టెంబరులో పార్లమెంటు ఆమోదించిన వృత్తి భద్రత, ఆరోగ్య, పని పరిస్థితుల కోడ్ 1979 చట్టాన్ని తనలో కలిపేసుకుంది. పాత చట్టం ఐదుగురు వలస కార్మికులున్న చోట వర్తించేది, కొత్త కోడ్ పదిమంది ఉన్న చోట నుంచి మొదలవుతుంది. ఒక గుంపు మేస్త్రీ నాలుగు జంటలను తీసుకుని చిన్న కాంట్రాక్టు పనికి పోతే పాత లెక్కలో వాళ్లు పద్దుకెక్కాలి, కొత్త లెక్కలో అక్కర్లేదు. ఆ ఎనిమిది మందికి జాగ్రత్తగా ఉండమని ఎవరైనా చెప్పవచ్చు. తాగే నీళ్లు ఎవరు చూడాలో, జ్వరం వస్తే కూలి ఎవరివ్వాలో, చనిపోతే శవాన్ని సొంత ఊరు మక్తల్‌కో కోస్గికో ఎవరు చేర్చాలో కోడ్ చెప్పదు.